వెంటిలేటర్ మీద నేను, నా పక్కన వాళ్లు

న్యుమోనియా రెండు ఊపిరితిత్తులకూ పాకి, ఆక్సిజన్ మాస్కు పెట్టినా నిమిషానికి 40 సార్లు రొప్పుతున్న స్థితిలో నన్ను ఐసీయూకు మార్చారు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీసే సెప్సిస్‌గా మారిందని, రక్తపోటు పడిపోతోందని, గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టక తప్పదని డ్యూటీ డాక్టరు నా భార్యకు చెబుతుండగా విన్నాను. నాకు స్పష్టంగా గుర్తున్నది అంతవరకే. ఆ తర్వాతి రోజుల గురించి కొంత ఆమె చెప్పగా, కొంత కేస్ షీట్ చదివించుకుని, మిగిలినది కోలుకున్నాక మళ్లీ వెళ్లి ఆ నర్సులనే అడిగి తెలుసుకున్నాను.

అలా తెలుసుకున్న కొద్దీ నాకు అర్థమైనది ఒకటే. ఐసీయూలో ప్రాణం నిలిపే ప్రతి పనీ వెంట ఏదో ఒక హాని తెస్తుంది, ఆ రెంటినీ గంటగంటకూ బేరీజు వేయడమే అక్కడివారి అసలు కష్టం.

వెంటిలేటర్‌నే తీసుకుంటే, ఎక్కువ గాలి పంపితే ఆక్సిజన్ బాగా అందుతుందని మనకు అనిపిస్తుంది. వాచిపోయిన ఊపిరితిత్తుల్లో గాలి ఆడే భాగం కొంచెమే మిగులుతుంది కనుక, ఎక్కువ గాలి ఆ కాస్త భాగాన్నీ సాగదీసి దెబ్బతీస్తుంది. ఊపిరితిత్తులు ఇలా వాచి రక్తానికి ఆక్సిజన్ చాలకుండా పోయే ఏఆర్‌డీఎస్ అనే స్థితే నాకూ వచ్చింది. అందులో ఒక్కో శ్వాసకు కిలోకు 12 మిల్లీలీటర్లకు బదులు 6 మిల్లీలీటర్ల లెక్కన గాలి ఇస్తే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని 2000లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఆ కిలోల లెక్క రోగి అసలు తూకాన్ని బట్టి కాదు, ఎత్తును బట్టి ఉండవలసిన తూకంతో వేస్తారు. మనిషి లావైతే ఊపిరితిత్తులు పెద్దవి కావు కదా! అందుకే స్పృహలో లేని నన్ను తల నుంచి మడమ దాకా టేపుతో కొలిచారట.

అయినా ఆక్సిజన్ పెరగకపోవడంతో బోర్లా పడుకోబెట్టారు. రోజుకు కనీసం 16 గంటలు అలా ఉంచాలి. తిప్పే ప్రతిసారీ ఒకరు నా తలనూ గొంతులోని గొట్టాన్నీ పట్టుకుని లెక్కపెడుతుంటే, మిగిలినవారు ఇరువైపులా నిలబడి, సెలైన్ తీగ ఒక్కటీ ఊడకుండా ఒక్కసారిగా తిప్పేవారట. తిప్పాక కళ్లు ఒత్తుకుపోకుండా, నుదుటి చర్మం కమిలిపోకుండా తల దిశ మారుస్తూ ఉండాలి.

నేను స్వయంగా అనుభవించినది మత్తు తగ్గించిన తర్వాతి దశ. గోడల మీద నీళ్లు కారుతున్నట్టు, నన్ను ఎవరో బంధించి ఎక్కడికో తరలిస్తున్నట్టు గట్టిగా నమ్మాను. దీన్ని డెలిరియం అంటారనీ, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో ఇది చాలా తరచుగా వస్తుందనీ అప్పుడు నాకేం తెలుసు? గొట్టం పీకేయబోయానని చేతులకు మెత్తని పట్టీలు కట్టారు, దాంతో బందీనన్న నా భయం ఇంకా బలపడింది. మత్తు పెంచితే రోగి శాంతిస్తాడు గానీ వెంటిలేటర్ మీద మరిన్ని రోజులు ఉండిపోతాడు, కండరాలు కరిగిపోతాయి, డెలిరియం కూడా పెరగవచ్చు. తగ్గిస్తే గొట్టంతో పెనుగులాడతాడు. ఆ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో రాత్రి మూడు గంటలకు, పక్క మంచం అలారం మోగుతుండగా, ఒక నర్సు తేల్చుకోవాలి.

ఆ గందరగోళంలోనూ ఒక గొంతు నాకు నిజమని తోచింది. "మీరు ఆసుపత్రిలో ఉన్నారండీ, నేను మీ నర్సును. ఇప్పుడు కఫం తీస్తాను, పది సెకన్లు ఊపిరి ఆడనట్టు ఉంటుంది, వెంటనే సర్దుకుంటుంది" అని ఆమె ప్రతిసారీ చెప్పాకే సక్షన్ గొట్టం లోపలికి పెట్టేది. బదులు పలకలేని మనిషికి అంత ఓపికగా చెప్పడం అదనపు మర్యాద కాదు, అదీ వైద్యంలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో ప్రబలినప్పుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుమందు వైద్యుడు చూపిన పద్ధతిలో వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని, రబ్బరు సంచులను చేత్తో నొక్కుతూ రోగులకు ఊపిరి పోశారు. ఐసీయూలు పుట్టినది ఆ అనుభవం నుంచే, అంటే మంచాన్ని విడవని మనిషి నుంచే.

అన్నిటికన్నా కష్టమేమిటని తర్వాత ఆ నర్సును అడిగాను. యంత్రాల గురించి చెబుతుందనుకున్నాను. నా పక్క మంచం ఆవిడ చనిపోయిన ఉదయం ఆ కుటుంబంతో మాట్లాడి, చేతులు కడుక్కుని, అదే గొంతుతో నాకు తేదీ, సమయం చెప్పవలసి రావడమే కష్టమని చెప్పింది.

గొట్టం తీశాక మాట బొంగురుగా వచ్చింది. నీళ్లు మింగగలనో లేదో పరీక్షించాకే తాగనిచ్చారు. మంచం అంచున కూర్చోవడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. నడక నెమ్మదిగా తిరిగి వచ్చింది గానీ, నిద్రలో ఆ గోడలూ ఆ పట్టీలూ నెలల తరబడి వెంటాడాయి, చదివిన పేజీ గుర్తుండేది కాదు. ఐసీయూ నుంచి బతికి బయటపడినవారిలో ఇలా శరీరమూ జ్ఞాపకమూ మనసూ కలిసి దెబ్బతినడానికి వైద్యులు ఒక పేరే పెట్టారని తెలిసినప్పుడు, ఇది నా పిరికితనం కాదని ఊరట కలిగింది. తిరిగి చూపించుకోవడానికి వెళ్లినప్పుడల్లా ఊపిరితిత్తుల గురించే అడిగేవారు, నిద్ర పడుతోందా అని మొదట అడిగినది ఫిజియోథెరపిస్టు. ఆమె చెప్పాకే మానసిక వైద్యుణ్ని కలిశాను. ఆ కలలు ఇప్పుడు ఎప్పుడో గానీ రావడం లేదు, మెట్లు మాత్రం ఇంకా మధ్యలో ఆగి ఎక్కుతున్నాను.