రెండో మంగళవారం, పదకొండో తేదీ

అమలాపురంలో నా దగ్గర లెక్కలు రాయించుకునేవాళ్లలో ఎక్కువ మంది కొబ్బరి వ్యాపారులు. రొయ్యల మేత అమ్మేవాళ్లు కొందరు, రైస్ మిల్లు ఒకటి. నెలనెలా రిటర్నులు వేసే వీళ్లందరికీ 11వ తేదీ కంటే ముఖ్యమైన తిథి పంచాంగంలో లేదు. అమ్మకాల వివరాలు చెప్పే జీఎస్‌టీ రిటర్ను, అంటే జీఎస్‌టీఆర్-1, వేయడానికి అదే గడువు. బిల్లుల సంచీ మాత్రం 10వ తేదీ సాయంత్రం దాకా గడప తొక్కదు. అందులో కురిడీ కొబ్బరి లారీల బిల్లులు, వాటికి పిన్నులు కొట్టిన తూకం చీటీలు, మధ్యలో ఎవరిదో శుభలేఖ.

మైక్రోసాఫ్ట్‌కూ ఒక తిథి ఉంది. విండోస్ భద్రతా సవరణలు, అదే అప్‌డేట్లు, ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి. అక్కడి పసిఫిక్ తీరంలో ఉదయం 10 గంటలంటే మనకు రాత్రి 10.30, అక్కడ చలికాలపు వేళలు మొదలయ్యాక 11.30. రెండో మంగళవారం 8కీ 14కీ మధ్య ఏ తేదీనైనా పడుతుంది. 2025లో ఫిబ్రవరి, మార్చి, నవంబరు నెలల్లో సరిగ్గా 11నే పడింది. ఇటు రిటర్ను గడువు అర్ధరాత్రితో ముగుస్తుంటే, అటు సవరణలు బయలుదేరుతున్నాయన్నమాట. ఈ రెండు తిథులనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు, పని మధ్యలో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతానంటూ పెట్టే చిరాకు చాలావరకు తగ్గుతుంది. చూసుకునేవాళ్లే తక్కువ.

తెర మీద రీస్టార్ట్ నోటీసు చూసిన ఒక కొబ్బరి వ్యాపారి, "కంప్యూటర్ మనది కదండీ, మనల్ని అడగకుండా అదెవరండీ ఆపడానికి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకు మన కాలువల సంగతే చెప్పాను. లాకుల తలుపులు మార్చాలంటే నీరు పారుతుండగా కుదరదు, ఎండాకాలంలో కాలువలు కట్టేశాకే ఆ పని. విండోస్‌లోనూ అంతే. వాడుకలో ఉన్న ఫైలును తీసి కొత్తది పెట్టడానికి వీలుండదు. అందుకే డౌన్‌లోడ్ అంతా మన పని సాగుతుండగానే చేసుకుని, చివరి పనికి మాత్రం అన్నీ ఆపమంటుంది. కాలువ ఎప్పుడు కట్టేస్తారో ముందే తెలిస్తే ఊరి చెరువు నింపుకుంటాం కదా, ఇక్కడా ఆ తేదీ తెలిస్తే సరి.

నేను చేసేది ఇది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, దాని కింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో యాక్టివ్ అవర్స్. ఆ గంటల్లో కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ కాదు. ఆటోమేటిక్‌గా వదిలేస్తే మన అలవాటును బట్టి అదే వేళలు ఊహించుకుంటుంది. నెలంతా సాయంత్రం ఆరుకు కట్టేసి, గడువు రోజున మాత్రం అర్ధరాత్రి దాకా కూర్చునే మాలాంటివాళ్ల అలవాటు దానికేం అంతుపడుతుంది? అందుకే చేత్తో పెట్టుకున్నాను. గరిష్ఠంగా 18 గంటలు ఇస్తారు కాబట్టి ఉదయం 8 నుంచి రాత్రి 2 వరకు. ఆ పేజీలోనే రీస్టార్ట్ అవసరమైనప్పుడు తెలియజేయమనే మీట ఉంటుంది, అదీ ఆన్ చేశాను.

తుపాను గాలికి కేబుల్ తెగి ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేయాల్సి వస్తే, సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ను మీటర్డ్‌గా, అంటే డేటా లెక్కపెట్టి వాడుకోవాల్సినదిగా, గుర్తు పెడతాను. అప్పుడు చాలా అప్‌డేట్లు వాటంతట అవి దిగవు, ఫోన్ డేటా రిటర్నుకు మిగులుతుంది.

కరెంటు సంగతి వేరు. శాతం అంకెలు తిరుగుతూ కంప్యూటర్ ఆపవద్దని చెప్పే తెర వచ్చాక కరెంటు పోతే, సాధారణంగా విండోస్ పాత స్థితికి వెళ్లే ప్రయత్నం చేస్తుంది. ప్రతిసారీ సాఫీగా వెళ్తుందన్న భరోసా లేదు. ఆకాశం మబ్బు పట్టి ఉంటే నేను రీస్టార్ట్ బటన్ జోలికి పోను. పైగా మా యూపీఎస్ వయసు దానికే తెలియాలి.

కొందరు మెకానిక్‌లు ఇంకో వైద్యం చేస్తారు. సర్వీసెస్‌లోకి వెళ్లి అప్‌డేట్‌నే పూర్తిగా ఆపేసి, "ఇక మీకు ఏ గొడవా ఉండదండీ" అని డబ్బులు పుచ్చుకుంటారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ దాడి 2017 మే 12న మొదలైంది. అది దూరిన కంతకు మందు మార్చి 14నే విడుదలైంది. మధ్యలో దాదాపు రెండు నెలలు. అది వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతటా చిక్కుకున్నాయి, మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లు కూడా. వ్యాపారి ఐదేళ్ల ఖాతాలు పెట్టుకున్న యంత్రానికి ఆ వైద్యం ఎలా చేస్తారో!

ఇప్పటికీ విండోస్ 10 మీదే ఉన్న కొట్లలో ఈ మధ్య రీస్టార్ట్ బెడద తగ్గిందని సంతోషపడుతున్నారు. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, అందుకే ఆ నిశ్శబ్దం. పొడిగింపు పథకంలో పేరు నమోదు చేసుకుంటే సొంత కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా సవరణలు వస్తాయి. అది అడిగి చేయించుకోండి.

అప్‌డేట్లను కొన్నాళ్లు ఆపి ఉంచే పాజ్ సదుపాయం అయిదు వారాల దాకా ఉంది. ఆ అయిదు వారాలు అయ్యాక ఉన్నవన్నీ వేసుకుంటే గానీ మళ్లీ పాజ్ ఇవ్వదు. నాకు ఒక్క వారం చాలు. 2026లో రెండో మంగళవారం ఫిబ్రవరి, మార్చి, నవంబరుల్లో 10న, ఆగస్టులో 11న పడుతుంది. ఆ నాలుగు నెలల్లో 9వ తేదీ ఉదయమే వారం పాజ్ పెట్టి, రిటర్నులు వెళ్లాక వచ్చే ఆదివారం మధ్యాహ్నం, కరెంటు నిలకడగా ఉన్నప్పుడు, పాజ్ తీసేసి అన్నీ వేయించేస్తాను.