లాల్చీకి అంటిన నీలి

నాలుగు రోజుల ముసురు తర్వాత ఈరోజు పొద్దున్న కాస్త ఎండ కనబడేసరికి, ఇంట్లో పేరుకుపోయిన బట్టలన్నిటినీ ఒక్కసారే తడిపేయాలన్న తొందరలో, మావారి తెల్ల లాల్చీ నానుతున్న బకెట్‌లోనే, వియత్నాం కొండల్లోని సాపాలో కొన్న గుడ్డ సంచీని కూడా పడేశాను. అరగంట తర్వాత చూస్తే నీళ్ళు నేరేడుపళ్ళు పిసికిన రంగులో ఉన్నాయి. సంచీ పట్టీ లాల్చీకి మెలిపడినచోట, భుజం నుంచి జేబు దాకా, జానెడున్నర పొడవున ఒక నీలపు చార తేలింది. మావారు కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన నవ్వి, "చెప్పానా, అది మిషన్ సరుకని" అంటూ పేపరు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు. ఆ నవ్వు రాత్రి పదకొండు దాటినా నన్ను వదలడం లేదు.

ఆయన వాదన నాకు కొత్తది కాదు, సాపాలో ఉన్నన్ని రోజులూ వింటూనే ఉన్నాను. సాపాకు దగ్గరున్న లావ్ కాయ్ పట్టణం చైనా సరిహద్దు మీదే ఉంది కనుక, అక్కడి కొండజాతి బట్టలన్నీ ఆ గట్టునుంచి లారీల్లో దిగుతాయని ఆయన తీర్మానం. అందులో కొంత నిజం లేకపోలేదు. కాత్ కాత్ గ్రామానికి టికెట్టు కొనుక్కుని దిగే మెట్ల పొడుగునా, మోంగ్ అనే అక్కడి కొండజాతి స్త్రీల దుస్తులు అద్దెకిచ్చే దుకాణాలే ఉన్నాయి, వాటిలో వేలాడే గౌన్ల మీది కుట్టుపని యంత్రానిదని నా కంటికే తెలిసింది. హనోయ్ నుంచి వచ్చిన అమ్మాయిలు ఆ వేషాలు వేసుకుని, నీటి చక్రం ముందు వరుసకట్టి ఫొటోలు తీయించుకుంటుంటే నాకు ఎక్కడలేని చిరాకూ వచ్చింది. ఆ చిరాకును మావారి ముందు బయటపెట్టినందుకు, పెళ్ళయిన కొత్తలో అరకులో నేను థింసా వరుసలో దూరి, పక్కనున్న ఆమె నడుం పట్టుకుని తీయించుకున్న ఫొటోను ఆయన గుర్తు చేశారు. ఆ ఫొటో మన హాల్లో గోడకు ఎన్నేళ్ళు వేలాడిందో మీలో చాలామందికి తెలుసు, అందుచేత ఆ సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను.

మేము వెళ్ళింది మే నెలాఖరున. టూర్ వాళ్ళు చూపించిన బొమ్మల్లో కొండలన్నీ బంగారు రంగులో ఉన్నాయి, కానీ ఆ రంగు సెప్టెంబరుదన్న ముక్క మాకెవరూ చెప్పలేదు. సాపా సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంది, మన అరకుకంటే బాగా పైన. చలికాలంలో ఒక్కోసారి మంచు కూడా పడే చోటు కనుక అక్కడ వరి ఏటికి ఒక్క పంటే. మే, జూన్ నెలల్లో మడుల్లో నీళ్ళు పెట్టి, దున్ని, నారు నాటుతారు, సెప్టెంబరుకల్లా కోసేస్తారు. కాబట్టి మేము చూసినవి బురద, నీళ్ళు, అక్కడక్కడ ఆకుమడులు. మా బృందంలో సగం మంది మొహాలు వేలాడేశారు. నాకు మాత్రం మువాంగ్ హోవా లోయలోకి తొంగిచూసిన మొదటి క్షణాన నోట మాట రాలేదు. వంకర తిరిగిన మడి ప్రతిదానిలోనూ ఒక్కొక్క మబ్బుముక్క ఉంది. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఉభాలకు ముందు ఇలాగే ఉండేది, కాకపోతే అక్కడ పొలం చదునుగా ఉండేది కనుక మబ్బంతా ఒక్కచోటే కనబడేది.

సరే, విషయం ఆ మబ్బు కాదు, గట్లు. కొండ పైన అడవిలో ఊరే నీటిని సన్న కాలువలతో అన్నిటికంటే ఎత్తున ఉన్న మడికి మళ్ళిస్తారు. అక్కడ గట్టుకు పెట్టిన చిన్న గండిలోంచి అది కింది మడికి, దాని నుంచి ఇంకా కిందికి దిగుతూ, చివరికి లోయలోని ఏటిలో కలుస్తుంది. పైన ఒక గట్టు తెగితే కింద ఉన్న వాళ్ళందరి నాటూ కొట్టుకుపోతుంది. ఇంత కష్టపడి నిలిపిన గట్టు మీద మా బృందంలోని ఒక పెద్దమనిషి ఫొటో కోసం పదే పదే గెంతుతుంటే, గైడు కుర్రాడు మొహమాటానికి ఊరుకున్నాడు. మా అమ్మమ్మే గనక అక్కడ ఉంటే ఆ పెద్దమనిషి వంశాన్నంతా వరసపెట్టి తిట్టి ఉండేది.

ఆ గట్ల మీద నన్ను చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి గురించే ఇదంతా. సాపా పట్టణం చివర మేము నడక మొదలుపెట్టినప్పుడే, వీపున గంపలు కట్టుకున్న నల్ల మోంగ్ స్త్రీలు ఆరేడుగురు మాతో కలిశారు. వారిలో నా వయసే ఉండవచ్చుననిపించిన ఒకామె నా పక్కకు చేరి, పేరేమిటి, ఏ దేశం, పిల్లలెందరు అని పొడి పొడి ఇంగ్లీషులో అడిగింది. ఆ ఇంగ్లీషు బడిలో నేర్చింది కాదు, ఇలా నడుస్తూ నేర్చింది. ఇద్దరు ఆడపిల్లలని చెబితే, తనకు ఐదుగురని వేళ్ళు చూపింది. ఆ వేళ్ళు మణికట్టు దాకా నీలంగా, గోళ్ళ మొదట్లో దాదాపు నల్లగా ఉన్నాయి. నీలి ఆకును నీళ్ళలో కుళ్ళబెట్టి, సున్నం కలిపి చిలికి, అడుగున పేరుకున్న ముద్దలో జనపనార లాంటి నారతో నేసిన గుడ్డను ముంచి ఆరబెట్టి, మళ్ళీ ముంచి, ఇలా వారాల తరబడి చేస్తే తప్ప ఆ నలుపు రాదని గైడు చెప్పాడు. నీలి అంటే ఒకప్పుడు మన కడప సీమనుంచి ఓడలకెక్కిన సరుకే కానీ, వాళ్ళు వాడే మొక్క జాతి వేరు. నాకు మాత్రం నీలిమందు అనగానే, తెల్లబట్టలు ఇంకా తెల్లగా కనబడాలని ఆఖరి జాడింపులో మా అమ్మ వేసే చిటికెడు పొడే గుర్తొస్తుంది. ఇవాళ ఆ మాట మావారితో అనబోయి ఊరుకున్నాను.

లావ్ చాయ్ అనే ఊరు దాటాక దారి జారుడైంది. ఆమె రబ్బరు చెప్పులతో కాలువ అంచున నడుస్తూ, నన్ను గట్టు మధ్యలో నడిపించింది. జారిన ప్రతిసారీ నా బరువంతా ఆ నీలపు చెయ్యే ఆపింది. మధ్యలో ఏదో గడ్డిపరకను మడిచి గుర్రం బొమ్మ చేసి నా చేతిలో పెట్టింది. మూడు గంటలు ఇలా నడిచాక తా వాన్ ఊళ్ళో భోజనాల దగ్గర గంప దించి, "ఇప్పుడు నా దగ్గర కొంటావు కదా" అని సంచీలు, దిండు గలీబులు, వెండిరంగు కడియాలు నా ఒళ్ళో పరచింది. నాకు చర్రున కోపం వచ్చింది. ఇంతసేపూ స్నేహమనుకున్నది బేరానికి పెట్టిన పెట్టుబడి అన్నమాట, అనిపించింది. ఒక సంచీకి మూడు లక్షల డాంగులంది. అంటే మన లెక్కలో సుమారు వెయ్యి రూపాయలు. నేను లక్షన్నాను. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని ఐదు వేళ్ళు చూపించి పిల్లల సంగతి మళ్ళీ గుర్తు చేసింది. అది నా కోపాన్ని ఇంకా పెంచింది. చివరికి లక్షా ఇరవై వేలకు సంచీ తీసుకుని, గెలిచినట్లు మావారి వైపు చూశాను. ఆమె డబ్బు లెక్కపెట్టుకుని, గంప కట్టుకుని, నాకు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. నేను ఊపలేదు.

ఇన్నాళ్ళూ నేను చేసింది న్యాయమనే అనుకున్నాను, ఎందుకంటే బేరమాడటం నాకు అమ్మమ్మ దగ్గర అబ్బిన విద్య. పాలకొండ దగ్గర వాళ్ళ ఊళ్ళో, సంత రోజుల్లో, సీతంపేట కొండల మీదినుంచి సవర స్త్రీలు అనాసపళ్ళూ కొండచీపుర్లూ పసుపూ చింతపండూ దించుకుని వచ్చేవారు. సంతకు పోకముందే కొందరు మా వీధి అరుగుల దగ్గర ఆగేవారు. తెల్లవారక ముందే కొండ దిగి వచ్చిన ఆ మనుషుల కాళ్ళకు ఎర్రమట్టి పిక్కల దాకా ఉండేది. అమ్మమ్మ చీపురును విదిలించి, పుల్లలు లెక్కపెట్టి, "ఏటే, ఇంత రేటు సెప్తావేటి, బంగారంతో కట్టినావా?" అని మొదలుపెట్టేది. ఆమె "లేదమ్మా, అడవిలోకి దూరం పోవాలి" అనేది. ఈ గొడవ ఒక్కొక్కసారి అరగంట సాగేది. గంప మళ్ళీ నెత్తికెత్తుకుని నాలుగు అడుగులు పోవడం, అమ్మమ్మ వెనక్కి పిలవడం, ఇదంతా ఇద్దరికీ తెలిసిన ఆటలా ఉండేది. సగం ధరకు తెంపాక, అమ్మమ్మ లోపలికి వెళ్ళి చెంబుడు చోడంబలి, ఒక ఉల్లిపాయ తెచ్చి ఇచ్చేది. ఆమె అరుగు కింద కూర్చుని తాగేది. అరుగు మీద కూర్చోమని అమ్మమ్మ అన్నట్టు నాకు గుర్తు లేదు. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా, ఆ అరుగు మీద ఆమె కూర్చున్న దృశ్యం రావడం లేదు.

ఆ స్త్రీల పొలాలు ఎలా ఉంటాయన్న ఆలోచనే మాకెవరికీ రాలేదు. కొండజాతి వాళ్ళంటే పోడు కొట్టుకుంటారని మాత్రమే విన్నాం. శ్రీకాకుళం నుంచి ఒడిశా వైపు పోయే కొండల్లో, రాళ్ళతో కట్టలు కట్టి, వాగు నీటిని మెట్టు మెట్టుకూ దింపి వరి పండించడంలో సవరలు ఆరితేరినవారని నేను చదివింది యాభై ఏళ్ళు దాటాక. అంటే అమ్మమ్మ ఇంటి అరుగు కింద అంబలి తాగిన మనిషికి కొండ మీద అటువంటి మడులు ఉండి ఉండవచ్చు. వాటిని చూడటానికి బస్సు టికెట్టు చాలు. నేను పాస్‌పోర్టు తీసుకుని విమానమెక్కాను. ప్రతి ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారికి దండలు వేసి తెలుగు భాష గురించి మాట్లాడుకుంటాం కానీ, పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవర భాష నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారన్నది ఆ సభల్లో ఎవరికీ అంతగా పట్టదు. నేనూ ఆ సభల్లో పాటలు పాడినదాన్నే, సవరలో ఒక్క మాటైనా రాదు. మోంగ్ భాషలోనూ రాదు. మూడు గంటలు చెయ్యి పట్టుకున్న మనిషికి కృతజ్ఞత చెప్పే మాటైనా గైడును అడిగి తెలుసుకోలేదు.

సాయంత్రం చిన్నదానికి ఫోను చేసి లాల్చీ సంగతి చెబితే, అది మరక గురించి అడగకుండా, "అమ్మా, నిన్ను మూడు గంటలు పడకుండా నడిపించినందుకు విడిగా ఏమిచ్చావు?" అని అడిగింది. ఏమీ ఇవ్వలేదు. సంచీకీ నడకకూ కలిపి మన డబ్బు నాలుగు వందలు. ఇంటి నుంచి స్టేషనుకు ఆటోకు మారు మాట్లాడకుండా రెండు వందలిచ్చే మనుషులం మేము. పైగా అది నాట్ల కాలం. నా వెంట నడిచిన ఆ మూడు గంటలు ఆమె తన మడిలో ఉండవలసినవేమో, ఏడాదికొక్క పంట పండే చోట ఆ గంటల విలువ ఎంతో, నాకా లెక్క తట్టలేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు సిగ్గుగా అనిపించింది, ఈ టపాను కూడా ఆ సిగ్గుతోనే మొదలుపెట్టాను.

అయితే ఇంత దూరం రాశాక నాకు ఆ సిగ్గు మీద కూడా అనుమానం వస్తోంది. ఆమె దీనంగా ఏమీ లేదు. దారి పొడుగునా మిగతా ఆడవాళ్ళతో మమ్మల్ని చూపించి ఏదో అని పగలబడి నవ్వుకుంటూనే ఉంది. ఎవరు కొంటారో, ఎవరు కొనరో సాపా దాటకముందే తేల్చుకుని, ఇద్దరు ఆడపిల్లల తల్లినైన నన్ను ఏరుకుంది. ఐదు వేళ్ళు చూపించినప్పుడు నిజంగా ఐదుగురున్నారో, ఇద్దరున్నారో ఎవరికి తెలుసు? లక్షా ఇరవై వేలకు ఆమెకు నష్టమై ఉంటే ఇచ్చి ఉండేది కాదు. మా అమ్మమ్మతో కూర్చోబెడితే ఇద్దరికీ పొద్దు గూకేది. అలాంటి మనిషిని తలుచుకుని నేను ఇక్కడ జాలిపడటమంటే, ఆమె పనితనాన్ని తక్కువ చేసినట్లే. చెయ్యి ఊపకపోవడం మాత్రం తప్పే. దానికి నా దగ్గర ఏ వాదనా లేదు.

భోజనాలయ్యాక సంచీని తిరగేసి దీపం దగ్గర పెట్టి చూశాను. లోపలి అస్తరు, జిప్పు నిస్సందేహంగా ఫ్యాక్టరీవే, కాబట్టి మావారు సగం గెలిచారు. ముందువైపు గుడ్డ మాత్రం ఎవరో కట్టి విడిచిన పాత పావడా ముక్క. మైనంతో గీసిన గీతలు ఒకదాని మందం ఒకదానికి లేదు, కుచ్చిళ్ళు పట్టిన మడతల దగ్గర రంగు అరిగిపోయి ఉంది, ఒకచోట చిన్న చిరుగును లోపలినుంచి ఎరుపు దారంతో కుట్టారు. ఏళ్ళ తరబడి ఉతికిన ఆ ముక్క ఇవాళ చుక్క రంగైనా వదలలేదు. వదిలింది పట్టీ. అది కొత్త గుడ్డ, ఇప్పటికీ వేలితో రుద్దితే వేలికి అంటుతోంది. అది ఆమె కుండలో ముంచిన నీలా, బజారులో దొరికే పొడా అన్నది నేను తేల్చలేను, ఆయనా తేల్చలేరు.

లాల్చీని పటిక నీళ్ళలో నానబెట్టబోతే, మావారు వద్దన్నారు, ఇంట్లో వేసుకుంటారట. సంచీ పట్టీ ఒక పక్క కుట్టు విడిపోయింది. ఎరుపు దారం ఉంది కానీ, ఈ చూపుతో రాత్రిపూట సూదిలో దారం ఎక్కదు. రేపు పొద్దున్న పనమ్మాయి వస్తే ఎక్కించమనాలి.