లైట్ టేబుల్ ముందు మూడున్నరేళ్లు

పేరుకు లైట్ టేబుల్ అంటాం గానీ, అది గాజు పలక కింద రెండు ట్యూబులైట్లు బిగించిన చెక్కపెట్టె. దాని మీద పరిస్తే మామూలు మొక్కజొన్న గింజలోంచి వెలుగు తేనెరంగులో పైకి వస్తుంది. ఓపేక్-2 జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిన గింజ అయితే వెలుగును మింగేసి నల్లగా కనిపిస్తుంది. మంచి దిగుబడికి పేరున్న ఒక మామూలు లైనులోకి, అంటే తరతరాలకూ ఒకేలా ఉండేలా స్థిరపరిచిన విత్తనంలోకి, ఆ జన్యువును ఎక్కించడం, అయినా గింజ గట్టిదనం పోకుండా చూడటం పీహెచ్‌డీలో నా పని.

మొక్కజొన్నలో ప్రొటీన్‌కు లోటు లేదు. కానీ అందులో సగానికి పైగా ఉండే జెయిన్ అనే ప్రొటీన్‌లో, మన ఒంటికి తప్పనిసరైన లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు దాదాపు ఉండవు. ఓపేక్-2 ఉంటే జెయిన్ తగ్గి ఆ రెండూ దాదాపు రెట్టింపవుతాయని 1964లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మెర్ట్జ్, బేట్స్, నెల్సన్ చూపించారు. మన దేశంలోనూ 1971లో శక్తి, రతన్, ప్రొటీనా అనే రకాలు వచ్చాయి. రైతు వాటిని తిప్పికొట్టాడు. గింజ మెత్తన, తూకం తక్కువ, నిల్వ చేస్తే ముక్కుపురుగుకు పండగ. ఆ మెత్తదనాన్ని వదిలించడానికి మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రం సిమ్మిట్‌లో సురీందర్ వాసల్, ఎవాంజెలీనా విల్లెగాస్ ఏళ్ల తరబడి కష్టపడ్డారు. 2000లో వాళ్లకు ప్రపంచ ఆహార బహుమతి దక్కింది.

నా వంతుకు వచ్చేసరికి జన్యువును పట్టుకోవడం తేలికైపోయింది. మొలక ఆకు చిన్న ముక్క తుంచి డీఎన్‌ఏ తీస్తే, ఆ జన్యువులోనే ఉండే మార్కర్లు, అంటే డీఎన్‌ఏ గుర్తులు, ఏ మొక్క ఉంచాలో, ఏది పీకేయాలో చెప్పేస్తాయి. ఉత్తరాఖండ్‌లోని అల్మోరా శాస్త్రవేత్తలు 2008లో విడుదలైన వివేక్ క్యూపీఎం-9 అనే నాణ్యమైన ప్రొటీన్ మొక్కజొన్నను ఈ దారిలోనే తయారు చేశారు. గట్టిదనం అలా కాదు. దాన్ని నడిపే జన్యువులు చాలా ఉన్నాయి. అందుకే ప్రతి సీజనులోనూ మళ్లీ చెక్కపెట్టె ముందే కూర్చోవాలి. పూర్తి నలుపు వద్దు, అది సుద్ద. పూర్తి మెరుపును నమ్మలేం, అందులో జన్యువే లేకపోవచ్చు. సగం నల్లగా, సగం తేనెరంగుగా ఉన్నవే ఏరుకోవాలి. రోజుకు రెండు వేల గింజలు చూశాక అన్నం మెతుకులు కూడా అలాగే కనిపించేవి.

హైదరాబాద్ శివార్లలో మా క్షేత్రం. ఖరీఫ్, రబీ రెండింటిలోనూ పంట వేయవచ్చు కాబట్టి ఏడాదికి రెండు తరాలు దక్కేవి. పీచు బయటపడక ముందే కంకికి చిన్న కవరు తొడగాలి. పరాగసంపర్కానికి ముందురోజు పీచు కొస కత్తిరిస్తే తెల్లారేసరికి బ్రష్షులా సమంగా పెరుగుతుంది. మొక్క కొసన ఉండే మగపూల జల్లుకు కట్టిన కవరును తొమ్మిది గంటలు దాటాక వంచి తడితే పసుప్పచ్చ పుప్పొడి అడుగుకు జారుతుంది. దాన్ని పీచు మీద ఒలికించి, పెద్ద కవరు కప్పి, పిన్ను కొట్టి, తేదీ రాయాలి. ఆకుల అంచులకు చేతులు గీరుకుపోతాయి. ఆ గీతల్లోకి చెమట దిగితే ఇక చెప్పనక్కర్లేదు.

అయిదో సీజనుకు లైను దాదాపు తయారైంది. విత్తనం పెంచడానికి విడిగా ఒక మడి వేశాను. వేరే మొక్కజొన్న చేలకు నాలుగు వందల మీటర్ల ఎడం ఉండాలన్నది నియమం. పొరుగు రైతు చేను అంతకంటే దగ్గరే. అయినా ఆయన నెల ముందు విత్తాడు కాబట్టి మా పీచు సమయానికి ఆ జల్లు ఎండిపోతుందనుకున్నాను. కత్తెర పురుగు తినేస్తే ఆయన దున్నేసి మళ్లీ విత్తాడు. నేను వెళ్లి చూడలేదు. తప్పు పూర్తిగా నాదే.

ఆ పంట గింజలు టేబుల్ మీద పోస్తే కొన్ని దీపాల్లా వెలిగాయి. గట్టిదనం వచ్చేసిందని మిఠాయి కూడా పంచాను. అత్యంత మెరిసేవే ఏరి ట్రిప్టోఫాన్ పరీక్షకు పెట్టాను. కొవ్వు తీసిన పిండిని బొప్పాయి పాలలో దొరికే పపైన్‌తో రాత్రంతా వేడిలో ఉంచి, మర్నాడు రసాయనం కలిపితే ఊదారంగు రావాలి. నా గొట్టాల్లో నీళ్లలో సిరా చుక్క పడ్డట్టు వెలిసిపోయిన రంగు వచ్చింది. ప్రొటీన్‌లో 0.4 శాతం, అంటే మామూలు మొక్కజొన్న. పొరుగు పుప్పొడి నుంచి ఆ జన్యువు మామూలు రూపం ఒక్కటి వచ్చినా చాలు, ఓపేక్-2 లోపలే అణగిపోయి గింజ మెరుస్తుంది. నేను ఏరికోరి పట్టుకున్నది కల్తీనే.

చల్లని గదిలో దాచిన పాత విత్తనం ఆదుకుంది. తర్వాతి రెండు సీజన్లూ ప్రతి కంకికీ కవరు కట్టాను. విత్తే ముందు పొరుగు పెద్దాయన దగ్గరికి వెళ్లి తేదీ అడిగాను.

"మొక్కజొన్నకు మొక్కజొన్న గాలి తగిలితే ఏమవుతుంది బాబూ? మీరేమైనా వరి వేశారా?" అని నవ్వాడు.

ఏడో సీజను చివర గొట్టాల్లో ముదురు ఊదా వచ్చింది. 0.7 శాతం దాటింది. ఆ సంతోషంలో ఆయనకు చెప్పడానికి వెళ్లాను. గింజలు గుప్పిట్లోకి తీసుకుని, ఒకటి పంటి కింద పెట్టి, "గట్టిగానే ఉంది. కోళ్లదాణా వాళ్లు దీనికి ఎంత ఎక్కువ ఇస్తారు?" అన్నాడు.

వాళ్లు తేమ, తూకం చూస్తారు, ఇది చూడరు అన్నాను. ఆయన గింజలు నా చేతిలో పెట్టేసి టీ పెట్టమని ఇంట్లోకి కేకేశాడు.