తెర మీద పచ్చరంగు, రోడ్డు మీద పక్కలాగుడు

గల్ఫ్‌కో యూరప్‌కో వచ్చి గ్యారేజీలో చేరిన మన మెకానిక్‌కి అలైన్‌మెంట్ బే (చక్రాల కోణాలు సరిచేసే చోటు) చూడగానే పని సులువనిపిస్తుంది. చక్రాలకు టార్గెట్లు (మెషిన్ చదివే పలకలు) తగిలిస్తే కంప్యూటరే అన్నీ చెబుతుంది, ఎర్రగా ఉన్న అంకెను పచ్చగా మార్చి ప్రింటవుట్ ఇచ్చేస్తే సరి. మర్నాడు అదే కారు తిరిగొస్తుంది: స్టీరింగ్ వదిలితే పక్కకి పోతోందని. మెషిన్ కొలిచి పెడుతుందంతే. ఏ స్థితిలో ఉన్న బండిని కొలుస్తున్నామో మనమే చూసుకోవాలి.

ముందుగా యూనిట్లు. ఒక్కో దేశంలో, ఒక్కో గ్యారేజీలో మెషిన్ ఒక్కోలా సెట్ చేసి ఉంటుంది. టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం, ఒకచోట మిల్లీమీటర్లలో, ఇంకోచోట డిగ్రీల్లో, మరోచోట డిగ్రీలు-నిమిషాల్లో కనిపిస్తుంది. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 12 నిమిషాలంటే 0.20 డిగ్రీ. దాన్ని 0.12గా చదివితే టో దాదాపు సగానికి తప్పుతుంది. టైరు గాలి కూడా అంతే: 32 పీఎస్ఐ అంటే 2.2 బార్, 220 కేపీఏ.

గాలి సరిచూశాక బండిని లేపి చక్రం ఊపి చూడాలి. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట (వదులు) ఉందంటే బాల్ జాయింట్‌నో బేరింగ్‌నో అనుమానించాలి. అటూ ఇటూ ఊపితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు) వదులు బయటపడుతుంది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కి వెనక ఉన్న రబ్బరు బుష్‌ని ప్రై బార్‌తో కదిపి చూడాలి. అది చిరిగితే బ్రేకు తొక్కినప్పుడల్లా చక్రం వెనక్కి జరిగి టో మారుతుంది, ఆగి ఉన్న బండిలో మాత్రం అంకె పచ్చగానే ఉంటుంది. అరిగిన భాగం మార్చకుండా అలైన్‌మెంట్ చేయడం కస్టమర్ డబ్బు వృథా చేయడమే.

కొత్త బుష్ వేసేటప్పుడు చాలామంది చక్రాలు గాల్లో వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టు పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దిగగానే లోపలి రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది, కొన్ని నెలలకే చిరుగుతుంది. బోల్టు చేత్తో పట్టించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే కంపెనీ చెప్పిన టార్క్‌కి బిగించాలి. కొన్ని బీఎండబ్ల్యూ మోడళ్లకైతే సీట్లలో, డిక్కీలో బరువులు పెట్టి కొలవాలని కంపెనీయే చెబుతుంది.

సర్దే వరుస కూడా ముఖ్యం. వెనక కేంబర్, వెనక టో, తర్వాత ముందు కాస్టర్, కేంబర్, అన్నిటికన్నా చివర ముందు టో. కేంబర్ అంటే చక్రం పైభాగం వాలడం, బయటికి వాలితే పాజిటివ్, లోపలికి వాలితే నెగటివ్. కాస్టర్ అంటే పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం. కేంబర్ కదిపితే టో కదులుతుంది కాబట్టి ఈ వరుస తప్పితే పని రెండుసార్లు చేయాలి. వెనక చక్రాలు ఒక పక్కకి చూస్తుంటే ముందు మాత్రమే సర్దితే స్టీరింగ్ వంకరగా నిలబడొచ్చు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఒకటిగా ఉండే) కార్లలో ఎడమ కేంబర్ ఎంత పెరిగిందో కుడిది అంతే తగ్గి ఉంటే సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించి ఉండే కింది చట్రం) పక్కకి జరిగిందేమో చూడండి. దాని బోల్టులు వదులు చేసి మధ్యకి తెస్తే రెండు పక్కలూ ఒకేసారి సరవుతాయి.

టో సర్దేముందు ర్యాక్ (స్టీరింగ్ యంత్రం) మీది రబ్బరు బూటుకి బయటి క్లిప్ తీయాలి. టై రాడ్‌తో పాటు బూటు మెలితిరిగితే చిరిగి దుమ్మంతా ర్యాక్‌లోకి పోతుంది. చాలా కార్లలో పావు తిప్పుకే సుమారు 10 నిమిషాల కోణం మారుతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా తిప్పండి. లాక్ నట్ బిగించేటప్పుడు టై రాడ్ ఎండ్‌ని ఇంకో పానాతో ఆపిపట్టి, బిగించాక తెర మళ్లీ చూడండి. అంకె జరిగేది అక్కడే.

ఇక పచ్చరంగు మోసం. కేంబర్‌కి -1.25 నుంచి +0.25 డిగ్రీల వరకు కంపెనీ ఒప్పుకుంటుందనుకోండి. ఎడమ +0.2, కుడి -1.2 ఉంటే రెండూ పచ్చగానే కనిపిస్తాయి, కారు మాత్రం ఎడమకి లాగుతుంది. రెండు పక్కల తేడా అర డిగ్రీ లోపు ఉంచాలి. కారు కేంబర్ ఎక్కువ పాజిటివ్ ఉన్న వైపుకి, కాస్టర్ తక్కువ ఉన్న వైపుకి లాగుతుంది.

మన దగ్గర ఎడమ పక్కన నడిపి అలవాటైన చేతికి ఇక్కడ ఇంకో చిక్కు. కుడి పక్కన నడిచే దేశాల్లో రోడ్డు వాలు కుడికి ఉంటుంది, కాబట్టి బండి కాస్త కుడికి జారడం సహజం. సర్దుబాటుకి వీలుంటే ఎడమ కాస్టర్ కొద్దిగా తక్కువ ఉంచుతారు. ఇంకా లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి నడపండి. లాగే దిక్కు మారితే తప్పు టైరుది. ఒకే దిక్కున తిరగాల్సిన టైర్లకు ఈ పరీక్ష పనికిరాదు.

మలుపుల్లో పట్టు కావాలని అడిగేవాళ్లకి ముందు కేంబర్ -1 నుంచి -1.5 మధ్య, టో సున్నాకి దగ్గరగా పెట్టొచ్చు. అంతకన్నా నెగటివ్‌కి పోయి టో కూడా బయటికి ఉంటే టైరు లోపలి అంచు అరిగిపోతుంది. వెనక టో మాత్రం ఎప్పుడూ కొంచెం లోపలికే ఉండాలి, లేదంటే బ్రేకు తొక్కినప్పుడు వెనక భాగం అదుపు తప్పుతుంది. ముందు యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) గట్టిది వేస్తే మలుపులో కారు ముందుకే తోసుకుపోతుంది, వెనకది గట్టిదైతే తోక తిరుగుతుంది. షాక్ అబ్జార్బర్లు జతగానే మార్చండి.

పని ముగించేముందు స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ సున్నా చేయడం మరవద్దు. ముందు అద్దం (విండ్‌షీల్డ్) మీద కెమెరా ఉన్న కార్లలో వెనక టో కదిపినా, సబ్‌ఫ్రేమ్ దించినా కెమెరా క్యాలిబ్రేషన్ అవసరమా అని ఆ మోడల్ మాన్యువల్‌లో చూసి, అవసరమైతే జాబ్ కార్డు మీద రాయించండి.