మద్ది చెట్ల కింద రెండు రోజులు

మంచిర్యాలలో రైలు దిగి చెన్నూరు బస్సెక్కాను. చెన్నూరుకు చాలామంది గోదావరి కోసం వస్తారు. అక్కడ నది ఉత్తరంగా తిరిగి పారుతుందని స్నానాలు చేసి వెళ్తారు. నేను పురుగుల కోసం వెళ్ళాను.

మా అమ్మ పెట్టెలో తేనెరంగు చీర ఒకటి ఉండేది. "ఇది అద్దిన రంగు కాదురా, పురుగు రంగే ఇంత" అనేది అమ్మ. అది దసలి పట్టు. మల్బరీ పట్టుపురుగును మనిషి ఇంట్లో తట్టల్లో పెట్టి మేపుతాడు. దసలి పురుగు అలా కాదు, అడవిలో చెట్టు మీదే పెరుగుతుంది, అక్కడే గూడు కడుతుంది. మన దగ్గర చెన్నూరు, మహాదేవ్‌పూర్ వైపు మద్ది చెట్ల మీద ఈ పంట తీస్తారు. దాన్ని బతికుండగా చూడాలని ఎన్నో ఏళ్ళుగా అనుకుంటూ, మొన్న అక్టోబర్ చివర్లో బయల్దేరాను.

స్నేహితుడు పరిచయం చేసిన రైతు బండి మీద అడవిలోకి తీసుకెళ్ళాడు. నల్లమద్ది చెట్టు కింద నిలబడి పైకి చూశాను. ఆకులు తప్ప ఏమీ కనపడలేదు. ఐదు నిమిషాలు గడిచినా అంతే.

"పైన గాదు సారూ, ముందుగాల కింద జూడు" అన్నాడు.

నేల మీద మిరియాల్లాంటి నల్లటి గుళికలు రాలి ఉన్నాయి. పురుగు పెంటికలవి. ఒకటి చేతిలోకి తీసుకుంటే, నిలువునా గాడులు చెక్కినట్టు ఎంత పొందికగా ఉందో! అవి రాలిన చోటికి సరిగ్గా పైకి చూస్తే పురుగు దొరుకుతుంది. దొరికింది. నడివేలంత పొడవు, ఆకు ఏ పచ్చో అదే పచ్చ, కొమ్మకు తలకిందులుగా వేలాడుతోంది. పక్కల్లో పసుపు గీత, దాని దగ్గర వెండి చుక్కలు. మంచు బిందువులేమో అనుకున్నాను. కానీ అప్పటికి పదకొండు దాటింది, మంచు ఎక్కడిది? అది పురుగు ఒంటి మీది మెరుపే. ఒకటి కంట్లో పడ్డాక, అంతసేపూ ఖాళీగా ఉన్న ఆ చెట్టు మీదే పదిహేను దాకా లెక్కపెట్టాను. చెవి పెడితే ఆకు నమిలే చప్పుడు కూడా సన్నగా వినిపించింది.

తాకబోతే రైతు ఆపాడు. వెనక కాళ్ళతో కొమ్మను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, లాగితే దాని ఒళ్ళే చినుగుతుంది గానీ పట్టు వదలదట. అందుకే ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగున్న రెమ్మనే కోసి ఇంకో చెట్టుకు తగిలిస్తారు.

ఆయన పొద్దంతా కాపలా కాస్తాడు. పిట్టలు, కందిరీగలు, ఉజి ఈగ, చీమలు, అన్నీ ఈ పురుగుకు శత్రువులే. పక్క చెట్టు మీద ఆకులు కుట్టి కట్టిన ఎర్రచీమల గూడు చూపించి దాన్ని తీసేయాలన్నాడు. ఆయన బాధ నాకు తెలుసు. అయినా ఆ గూడు ముందు నుంచి కదల్లేకపోయాను. పెద్ద చీమలు రెండాకుల అంచులను దగ్గరికి లాగి పట్టుకుంటే, మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరుచుకుని ఇటూ అటూ తిప్పుతాయి. ఆ పిల్లపురుగుల నుంచి వచ్చే పట్టుదారమే ఆకులను కలిపి కుడుతుంది. ఒకే అడవి, పక్కపక్క చెట్లు, రెండు చోట్లా పట్టే.

మధ్యాహ్నం ఇంకో కొమ్మ మీద సగం కట్టిన పట్టుకాయ, అంటే పురుగు గూడు, కనిపించింది. కాయ ఇంకా పలచగానే ఉంది, ఎండకు ఎదురుగా పట్టి చూస్తే లోపల పురుగు తల ఎనిమిది అంకె రాస్తున్నట్టు తిరుగుతోంది. అంతకుముందే అది కొమ్మ చుట్టూ ఒక ఉంగరం అల్లి, దానికి కాడ కట్టింది. ఆకులన్నీ రాలిపోయినా కాయ రాలకుండా ఆపేది ఆ కాడే. చివరి పంట కాయల్లో పురుగు ఎండాకాలమంతా నిద్రపోయి, జూన్ వానలు పడ్డాకే లేస్తుంది. లోపల చీకట్లో ఉన్నదానికి వాన కాలం ఎలా తెలుస్తుందో అనుకుంటూ చాలాసేపు ఆ కాయనే చూశాను.

రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాను. విత్తనం కోసం ఉంచిన కాయలను దండలు గుచ్చి దూలానికి వేలాడదీశారు. ఎనిమిది దాటాక ఒక కాయ కొన తడిసింది. లోపలి పట్టుచిలుక, అంటే రెక్కలొచ్చిన పురుగు, వదిలిన ద్రవం పోగుల మధ్య జిగురును కరిగిస్తుంది. తరవాత తల, కాళ్ళు, చివరికి తడిబట్టలా నలిగిన రెక్కలు. దాదాపు అరగంటలో ఆ రెక్కలు నా అరచేతికి మించి విచ్చుకున్నాయి. మగది, ఇటుకరంగు. ఈకల్లాంటి మీసాలు. ఆడదాని వాసనను అవి ఎంతో దూరం నుంచే పసిగడతాయి.

ప్రతి రెక్క మీద ఒక కన్ను. అది పూసిన రంగు అనుకున్నాను, కాదు. రెక్కనంతా కప్పే పొలుసులు అక్కడ లేవు. అది గాజుకిటికీ. వెనక వేలు పెడితే గోరు కనిపించింది.

"దీనికి ఏం పెడతరు తినడానికి?" అని అడిగాను.

"నోరేది సారూ దానికి? తినుడంతా పురుగప్పుడే అయిపాయె" అన్నాడు. బతికేది వారం రోజులు, అటూ ఇటూ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చీకట్లో రెక్కల చప్పుడు, ఎవరో పల్చటి కాగితం విదిలిస్తున్నట్టు. తెల్లారి చూస్తే జతలు కట్టి కదలకుండా ఉన్నాయి. మరుసటి పొద్దుకు ఒక ఆడచిలుక బుట్టలో గుడ్లు పెట్టింది. ఆవగింజ కంటే పెద్దవి, కాస్త చదునుగా, ఒక్కోదాని నడుమున గోధుమరంగు గీతలు. రైతు తల్లి బుట్ట ముందు కూర్చుని వేళ్ళు మడిచింది.

"ఎనిమిది, తొమ్మిది దినాలు బిడ్డా. గప్పటికి పొదుగుతయి. ఆకు దొప్పల్ల పోసి మల్ల చెట్టుకు పెడతం."

దొప్పలకు ఆకులు కావాలని ఆమె లేచి బయటికి వెళ్ళింది.