ఇరవై వేల మానిటర్, తంగేడు పసుపు

"అన్నా, ఎడిటింగ్‌కు మానిటర్ కొనాలె, ఇరవై వేల అటూఇటూ ఏది మంచిగుంటది?" పెండ్లిళ్ల సీజన్ అయిపోయి చేతిల నాలుగు పైసలు ఆడంగనే పరకాల నుంచో, నర్సంపేట నుంచో, జమ్మికుంట నుంచో నాకు ఈ మెసేజ్ వస్తది. ఎనుకనే ఇంకోటి: "4కే తీసుకోనా, కర్వ్‌డ్ తీసుకోనా?"

నాది హన్మకొండల చిన్న ఎడిటింగ్ రూమ్. పెండ్లి వీడియోలు, యూట్యూబ్ జానపద పాటలు, సీజన్‌ల బతుకమ్మ పాటలు. పట్టుచీర, కుంకుమ, నలుగు పసుపు, తంగేడు, బంతి. నా పని సగం ఎరుపు, సగం పసుపు. మానిటర్ బండారం బయటపెట్టేటివి గూడ ఈ రెండే.

కర్వ్‌డ్ వద్దు. 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు తెర మారుడు) గేములాడేటోళ్లకు, 25 ఫ్రేముల పెండ్లి వీడియోకు దానితోటి పనిలేదు. హెచ్‌డీఆర్ 400 అని స్టిక్కర్ ఉంటే దాన్ని చూసి రూపాయి ఎక్కువ పెట్టకుండ్రి, ఆ వెలుగుతోటి హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి ఎక్కువ తేడాతోటి చూపించేది) గ్రేడింగ్, అంటే రంగులు దిద్దుడు, కాదు. 4కే ఉంటే మంచిదే, కానీ ఈ బడ్జెట్‌ల 4కేకు పైసలు పెడితే రంగుల కాడ కోత పడుతది. 24 అంగుళాలకు ఫుల్ హెచ్‌డీ, 27 అయితే 1440 గీతలది. ప్యానెల్ (తెర పలక) ఐపీఎస్ రకం ఉండాలె. వీఏ రకంల నలుపు ఇంకా చిక్కగ వస్తది నిజమే, కానీ జర పక్కకు జరిగితే ముఖం రంగు మారుతది. పక్కన కూసున్న కస్టమర్‌కు ఒక పెండ్లికూతురు, మనకు ఒక పెండ్లికూతురు.

ఇగ అసలు సంగతి. మనం యూట్యూబ్‌కు, పెన్‌డ్రైవ్‌కు ఇచ్చే వీడియో రెక్ 709ల, అంటే హెచ్‌డీ వీడియో రంగుల లెక్కల, ఉంటది. దాని మూల రంగులు, కంప్యూటర్ తెరల లెక్క అయిన ఎస్‌ఆర్‌జీబీ మూల రంగులు ఒక్కటే, తెలుపు గూడ ఒక్కటే, దాదాపు 6500 కెల్విన్. కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది ఎస్‌ఆర్‌జీబీని మానిటర్ పూర్తిగ చూపిస్తదా, దాన్ని దాటకుండ ఉంటదా అని. ఈ రెండో మాట చానామంది ఇడిచిపెడుతరు.

తక్కువ చూపించే దానితోటి ఏమైతదంటే, చవక ల్యాప్‌టాప్‌ల మీద 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ రంగుల లెక్క) అని రాసి ఉంటది చూడుండ్రి. ఎస్‌ఆర్‌జీబీ అంతా రావాలంటే ఆ లెక్కల 72 దాకా ఉండాలె. ఆ తెర మీద ఎర్ర పట్టుచీర ఇటుక రంగుల కనపడుతది. మనం సాచురేషన్ (రంగు గాఢత) పెంచుతం. అదే వీడియో మంచి ఫోన్‌ల పెడితే చీర మండుతది, జరీ అంచు కరిగి ఎరుపుల కలిసిపోతది. తంగేడు పసుపు, బంతి పసుపు రెండూ ఒకటే ముద్ద.

ఎక్కువ చూపించేది ఇంకా మోసం, ఎందుకంటే అది అందంగ ఉంటది. గేమింగ్ మానిటర్ డబ్బా మీద "ఎస్‌ఆర్‌జీబీ 125 శాతం", "డీసీఐ-పీ3 95 శాతం" (ఇది సినిమా రంగుల లెక్క, ఎస్‌ఆర్‌జీబీ కన్నా పెద్దది) అని పెద్దక్షరాలల్ల ఉంటది. వందకన్నా నూటయిరవై అయిదు మంచిదే కదా అనుకుంటం. కానీ వీడియోల ఉన్న ఎరుపును అది తన ఎరుపు లెక్కన సాగదీసి చూపిస్తది. నలుగు పెట్టిన ముఖం బంగారంలెక్క మెరుస్తది. "ఎక్కువైంది" అని మనం తగ్గిస్తం. కస్టమర్ ఇంటికి పోయి టీవీల పెట్టుకుంటే పిల్లకు జ్వరమొచ్చినట్టు ఉంటది. అట్లాంటి మానిటర్‌ల ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటే దాంట్ల పెట్టి వాడుకోవచ్చు. కానీ కొన్నిట్ల ఆ మోడ్‌ల బ్రైట్‌నెస్ తాళం పడి ఉంటది, తగ్గదు, పెరగదు. కొనకముందే మెనూల తిప్పి చూడాలె.

"కస్టమర్లంతా ఫోన్‌ల వివిడ్ మోడ్‌ల చూస్తరు, మనం ఇంత చూసి ఏం లాభం?" అని ఒక తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్నే. ఒక ఫోన్ ఎరుపును పెంచుతది, ఒక టీవీ నీలం కొడుతది, ఒకటి చీకటి చేస్తది. మనది నడుమల ఉంటే ఎవల తెర మీద చూసినా తప్పు ఆ తెరదొక్కటే అయితది. మనది గూడ ఒక దిక్కు ఒరిగితే రెండు తప్పులు కలుస్తయి. పైగా కరిజ్మా ఆల్బమ్ ప్రింటుకు పోయే ఫోటోలు గూడ అదే మానిటర్ మీద చూస్తం కదా.

ఒక మాట ముందే చెప్తున్న. హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్లల్ల స్టేజీ మీద కొట్టే నీలం, వంకాయ రంగు ఎల్‌ఈడీ లైట్లకు ఏ మానిటర్ మందు కాదు. ఆ రంగు రెక్ 709 బయటనే ఉంటది. అది షూటింగ్ కాడ కెమెరా అన్న చూసుకోవాలె.

పేరు చెప్పుమంటే, ఈ ధరల నాకు నచ్చింది ఆసుస్ ప్రోఆర్ట్ వరుస. పీఏ248క్యూవీ 24.1 అంగుళాలు, 1920కు 1200, కింద టైమ్‌లైన్‌కు జర జాగా ఎక్కువ దొరుకుతది. జర పైసలు పెట్టగలిగితే పీఏ278క్యూవీ, 27 అంగుళాలు, 2560కు 1440. రెండిట్ల ఎస్‌ఆర్‌జీబీ, రెక్ 709 వంద శాతం, డెల్టా ఈ 2 లోపు అని కంపెనీ చెప్తది. డెల్టా ఈ అంటే ఉండాల్సిన రంగుకు, తెర చూపే రంగుకు నడుమ తేడా. 2 లోపు ఉంటే మామూలు కండ్లకు దొరకదు. ధర వారం వారం మారుతది, ఆ రోజుది ఆ రోజు చూసుకోండ్రి.

ఆన్‌లైన్‌ల తక్కువకే వస్తది గానీ, నేనైతే కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్‌ల కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయి కండ్లతోటి చూసి తెచ్చుకునుడే మేలంట. పెన్‌డ్రైవ్‌ల మూడు వేసుకొని పోండ్రి: ఒకటి నలుపు నుంచి తెలుపు దాకా మెల్లగ మారే పట్టీ, ఒకటి తెర నిండా ఒకటే బూడిద రంగు, ఒకటి మీరు తీసిన బతుకమ్మ షాట్. పట్టీల మెట్లు మెట్లుగ కనపడొద్దు, నడుమల ఆకుపచ్చ, గులాబీ చాయలు రావొద్దు. బూడిద తెరల నాలుగు మూలలు ఒక్కతీరుగుండాలె. బతుకమ్మల తంగేడు వేరు, బంతి వేరు, రంగేసిన గునుగు వేరుగ, రేకులు లెక్కపెట్టేటట్టు రావాలె. షాపాయన "అన్ని ఒక్కటే అన్నా" అంటడు, అననియ్యుండ్రి. డెడ్ పిక్సెల్ ఉంటే ఎన్నిటికి మారుస్తరో బిల్లు కాకముందే అడగాలె.

తెచ్చినంక బొమ్మ తెల్లబారినట్టు, నలుపు బూడిదలెక్క ఉన్నదని చానామంది ఫోన్ చేస్తరు. ఎక్కువసార్లు మానిటర్ తప్పు కాదు. హెచ్‌డీఎంఐ మీద గ్రాఫిక్స్ కార్డు దాన్ని టీవీ అనుకొని లిమిటెడ్ రేంజ్, అంటే నలుపు నుంచి తెలుపు దాకా తక్కువ మెట్లున్న సిగ్నల్, పంపుతది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌ల అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ ఫుల్ చెయ్యుండ్రి. డైనమిక్ కాంట్రాస్ట్, కండ్ల రక్షణ మోడ్, విండోస్ నైట్ లైట్, అన్నీ బంద్. గామా (నడుమ వెలుగులు ఎంత చీకటిగ కనపడాలో చెప్పే లెక్క) చీకటి రూమ్‌ల 2.4, లైటున్న రూమ్‌ల 2.2.

రూమ్ సంగతి గూడ జర చూడాలె. కిరాయి రూమ్‌లల్ల గోడలకు చిలకపచ్చ రంగు మస్తు ఇష్టం మనోళ్లకు. రోజంతా ఆ పచ్చ మధ్యల కూసుంటే కండ్లు దానికి అలవాటు పడి, తెర మీది ముఖాలు గులాబీగ అనిపిస్తయి. మనం పచ్చ కలుపుతం. మానిటర్ ఎనుక గోడకు లేత బూడిద రంగు కొట్టియ్యుండ్రి, దాని మీద 6500 కెల్విన్ లైటు. దీనికైతే మానిటర్ ధరల పదో వంతు గూడ కాదు.

కాలిబ్రేషన్, అంటే తెర రంగులు కొలిచి సరిచేసుడు, దానికి మీటర్ కొనుడు ఒక్కరికి బరువే. మేము హన్మకొండల ఎడిటర్లం కొందరం కలిసి పైసలేసుకొని ఒక్కటి తీసుకున్నం, చేతులు మారుకుంట తిరుగుతది. సాఫ్ట్‌వేర్‌కు డిస్‌ప్లేకాల్ ఫ్రీ. ఒక్కటి మాత్రం యాదిల పెట్టుకోండ్రి: విండోస్‌ల డావిన్చీ రిజాల్వ్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) వ్యూయర్, మీటర్ కొలతతోటి తయారయ్యే రంగుల ఫైల్ అయిన ఐసీసీ ప్రొఫైల్‌ను పట్టించుకోదు. డిస్‌ప్లేకాల్‌ల 3డీ లట్ (రంగులు సరిచేసే పట్టిక ఫైల్) చేసి, రిజాల్వ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌ల కలర్ వ్యూయర్ లట్ కాడ పెట్టాలె. మీటర్ కావాలంటే ఫోన్ చెయ్యుండ్రి, ఎవల దగ్గరున్నదో చెప్తా, సీజన్‌ల మాత్రం అడగకుండ్రి.