ఆమేన్ అనేలోపు

మోకాళ్ల మీద నిద్రపోవడం మన ఒంగోలు హాస్టల్ నాకు నేర్పిన మొదటి విద్య. రాత్రి ఎనిమిదిన్నరకి గంట కొట్టగానే చాప మీద మోకరించి, నుదురు గోడకు ఆనించి, చేతులు కట్టుకుంటే చాలు, చూసేవాళ్లకు మహా భక్తుల్లా ఉండేవాళ్లం. 'ఆమేన్' చెవిన పడగానే లేవడం ఒక్కటే కష్టం. మా గదిలో ఒకడు అది నేర్చుకోలేక, అందరూ పడకలు ఎక్కాక కూడా అరగంట అట్టాగే ఉండిపోయేవాడు. వాడికి ప్రార్థనాపరుడని పేరొచ్చింది. తర్వాత నిజంగానే పాస్టరయ్యాడు. మన పాత విద్యార్థుల ఈ సంచిక వాడికీ అందుతుంది కాబట్టి ఇంతకంటే రాయను.

సంచిక కమిటీవాళ్లు ఫోన్ చేసి, "ఏదైనా రాయి అన్నా, వాక్యం మాత్రం చెప్పొద్దు" అన్నారు. అంటే బైబిలు ప్రసంగం వద్దని. వాళ్ల భయం వాళ్లది. మా 1979 పదో తరగతి బ్యాచ్‌లో రిటైరైన ప్రతివాడూ ఏదో ఒక సంఘంలో పెద్ద. మైకు దొరికితే వదలం. అందుకే వాక్యం జోలికి పోకుండా, మా ఇంటి ప్రార్థన సంగతులు రాస్తున్నా.

ముందు వార్డెన్ అయ్యగారు. ఒకరోజు వంటింట్లో బెల్లం అచ్చు పోయింది. ఆయన బెత్తం తియ్యలేదు, ఎవర్నీ అడగలేదు. రాత్రి ప్రార్థనలో మామూలుగా దేశాన్నీ బడినీ దీవించమని అడిగి, ఉన్నట్టుండి, "ప్రభువా, మధ్యాహ్నం బెల్లం తీసుకెళ్లిన బిడ్డ నీకు తెలుసు. ఆ బిడ్డ చెయ్యి ఇంకా కడుక్కోలేదు, చీమలు పడుతున్నాయి, కాపాడు తండ్రీ" అన్నారు. నేను ఒక కన్ను తెరిచి నా చెయ్యి చూసుకున్నా. తలెత్తితే అయ్యగారు రెండు కళ్లూ తెరిచి నన్నే చూస్తున్నారు. ప్రార్థన మాత్రం ఆపలేదు.

నిజానికి ఆ పద్ధతి నాకు కొత్తేం కాదు. మాది కందుకూరు వైపు ఊరు. మా నాయన మిషన్ ఎలిమెంటరీ బళ్లో పంతులు. ఆదివారాలు పాస్టరు అయ్యగారు రాకపోతే ప్రసంగం కూడా నాయనదే. నాయన ముఖాముఖి ఎవర్నీ గట్టిగా ఒక మాట అనలేని మనిషి. అనాల్సిందంతా రాత్రి కుటుంబ ప్రార్థన దాకా దాచుకునేవాడు. కళ్లు మూసుకుంటే ఆయనకి ఎక్కళ్లేని ధైర్యం వచ్చేది. పైగా మధ్యలో ఎవరూ అడ్డం రావడానికి లేదు, వస్తే దేవుడికి అడ్డం వచ్చినట్టే.

ఆ ప్రార్థనకి ఒక వరుస ఉండేది. మొదట లోకంలోని దేశాలు, తర్వాత ప్రధానమంత్రి, కలెక్టరు. జీతం బిల్లు ఆగిన నెలలో అది ఏ బల్ల మీద ఆగిందో కూడా దేవుడికి విడమరిచి చెప్పేవాడు. ఆ తర్వాత సంఘంలోని ఇళ్లు పేరుపేరునా, బావిలో నీళ్లు, ఈనబోయే గేదె, ఆఖరున మేము. నేను ఏడో తరగతిలో ఒంగోలు హాస్టల్ నుంచి క్వార్టర్లీ మార్కుల కార్డు పట్టుకొచ్చిన రాత్రి, గేదె దగ్గర్నుంచి నేరుగా నా దగ్గరికొచ్చాడు. "హాస్టల్లో ఉన్న పిల్లోడికి లెక్కలు రావడం లేదు తండ్రీ. వందకి పదిహేడు. సొలొమోనుకి ఇచ్చిన జ్ఞానంలో కాస్త వీడికీ ఇవ్వు." ఆ మార్కులు అప్పటిదాకా అమ్మకి తెలియదు. పక్కింటివాళ్లకి కూడా ఆ రాత్రే తెలిసింది, ఎందుకంటే నాయన గొంతు అట్టాంటిది.

అమ్మ ప్రార్థన ఆయన తర్వాత. అది జవాబు. కోత పండగ నాడు గుడికి తెచ్చిన కానుకలు వేలం వేసేవాళ్లు గదా, గుమ్మడికాయలు, సజ్జలు, కోళ్లు. ఒక ఏడు నాయన, అమ్మని అడక్కుండా ఆమె పెంచుకుంటున్న నల్ల కోడిపెట్టని తీసుకెళ్లి కానుక ఇచ్చేశాడు. వేలంపాటలో ఆ పెట్టని ఎత్తి చూపించగానే ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ చూసిన చూపుకి నాయన పాట మొదలుపెట్టాడు. ఆకు ఆరబెట్టే పొగాకు బారన్‌లో పనిచేసే ఒక మేస్త్రీ పంతానికి వచ్చి పైపైకి పాడాడు. బజారులో నాలుగు రూపాయలు చేసే పెట్ట పదకొండు రూపాయలకి మా ఇంటికే తిరిగొచ్చింది. ఆ రాత్రి అమ్మ ప్రార్థన ఒకటే వాక్యం. "నీకిచ్చిన దాన్ని నీ దగ్గరే మళ్లీ కొనుక్కునేంత కలిమి మా ఇంటికి ఇచ్చావు ప్రభువా, స్తోత్రం." నాయన ఆమేన్ అనలేదు. దగ్గాడు.

పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికొచ్చాక, 1979 మే తుఫాను. తాటాకు కప్పు ఒక పక్క నుంచి లేస్తోంది. నాయన నడింట్లో మోకరించి గట్టిగా ప్రార్థిస్తున్నాడు. అమ్మ అరిచింది: "ఆయన వింటాడులే, ముందు నువ్వు లేచి ఆ తలుపు పట్టుకో!" నాయన లేచి తలుపుకి వీపు ఆనించి నిలబడి, అక్కడ్నుంచే మిగతా ప్రార్థన చేశాడు. మా ఇంట్లో విశ్వాసం గురించి ఎవరైనా అడిగితే నాకు ఆ వీపే గుర్తొస్తుంది. తెల్లారి చూస్తే సగం కప్పు చేలో పడుంది, తలుపు మాత్రం అట్టాగే ఉంది.

మనందరికీ బళ్లో తప్పకుండా వచ్చిన అంకె ఒకటుంది, 2222. లెక్కల్లో పదిహేడు తెచ్చుకున్నవాడికి కూడా వచ్చు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. బోధకులు ఆరుగురు, ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారని మనకి చెప్పారు. అంతకుముందు కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని కూలి పని చూపించారు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఈ సంగతి నన్ను అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఆకలితో ఉన్నవాడిని 'తర్వాత రా' అనడానికి ఎంత గుండె కావాలి! ముందు పని ఇచ్చి, తర్వాత రమ్మన్నారు. మా ముత్తాత ఆ 2222 మందిలో ఒకడని నాయన చెప్పేవాడు. మా క్లాసులో ప్రతివాడి ముత్తాతా అందులోనే ఉన్నాడు. జిల్లాలో అందరూ చెప్పేది కూడితే ఆ రోజు గుండ్లకమ్మలో నీళ్లకి చోటుండదు.

ఈ మాట నా భార్య ముందు అంటే తిప్పలే. ఆమెది నెల్లూరు. "మా నెల్లూరు మిషన్ 1840లో మొదలైంది. మీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చింది 1866లో. లెక్క నువ్వే కట్టుకో, లెక్కలు వచ్చుగా" అంటుంది. పోనీ, 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించిన అయిదుగురి సంగతి ఎత్తుదామంటే, మిషనరీ జువెట్ దొర దంపతులూ మిగతా ముగ్గురూ వచ్చింది కూడా నెల్లూరు నుంచేనాయె. కొత్త సంవత్సరం నాడు చలిలో వణుక్కుంటూ ఆ కొండెక్కినవాళ్లం మనం, పేరు వాళ్లకి. పెళ్లయిన ముప్పై అయిదేళ్లలో ఈ వాదన నేను ఒక్కసారీ గెలవలేదు. చేపల పులుసు ముందుంటే అసలు మొదలే పెట్టను.

నేను పోస్టాఫీసు ఉద్యోగంలో నెల్లూరులో కాపురం పెట్టాక నాయన పద్ధతే తెచ్చుకున్నా. రాత్రి తొమ్మిదికి టీవీ కట్టెయ్యాలి, అందరూ చాప మీదికి రావాలి. నా పిల్లలకి భక్తి నేర్పుతున్నాననుకున్నా. వాళ్లు నేర్చుకున్నది వేరు. 2003 వరల్డ్ కప్ ఫైనల్ ముందు రాత్రి మా చిన్నోడు, వాడికప్పుడు ఎనిమిదేళ్లు, టెండూల్కర్ కోసం కన్నీళ్లతో ప్రార్థించాడు. మ్యాచ్ ఓడిపోయాం. మరుసటి రాత్రి వాడి వంతు వచ్చినప్పుడు, "మాట్లాడాల్సిందేమీ లేదు, ఆమేన్" అన్నాడు. వాణ్ణి మందలిద్దామని నోరు తెరిచా, నవ్వొచ్చి మూసుకున్నా. వాడు వారం రోజులు దేవుడితో పలకలేదు. పాలు తాగేటప్పుడు మాత్రం అలవాటు కొద్దీ స్తోత్రం చెప్పేవాడు.

అసలు దెబ్బ పెద్దమ్మాయి దగ్గర తగిలింది. 2007లో పది పాసైంది. నేను ఎవర్నీ అడక్కుండా, అచ్చం నాయన కోడిపెట్టని ఇచ్చినట్టే, ఒక కాలేజీలో ఎంపీసీ సీటుకి అయిదు వేలు అడ్వాన్సు కట్టేసి వచ్చా. ఇంజనీరు అవుతుందని అప్పటికే నలుగురికి చెప్పుకున్నా. ఆ రాత్రి అమ్మాయి ప్రార్థన వంతు. నానమ్మ, తాతయ్య, తమ్ముడు, ఎండలు తగ్గడం అన్నీ అయ్యాక ఒక్క క్షణం ఆగింది. "ప్రభువా, నాకు బైపీసీ కావాలి. నర్సింగ్ చెయ్యాలని ఉంది. నాన్నకి చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది, నువ్వే చెప్పు. ఆమేన్."

చెప్పాల్సినవాడు ఆయన, విన్నవాణ్ణి నేను, మధ్యలో ఒక గజం దూరం లేదు. కళ్లు తెరవలేదు. తెరిస్తే తండ్రిని అయిపోతా, కోప్పడాలి. తర్వాత వంతు నాది. చాలాసేపు మాట రాలేదు. ఫ్యాన్ కిర్రుమంటోంది. చివరికి, "తండ్రీ, నా బిడ్డ అడిగింది ఇవ్వు" అన్నా. అక్కడితో ఆపితే బాగుండేది. "కాస్త ఆలోచించి ఇవ్వు" అని కూడా అన్నా. నా భార్య కళ్లు మూసుకునే అందుకుంది: "ఆ అయిదు వేలు కూడా తిరిగి ఇప్పించు ప్రభువా." నలుగురం ఒక్కసారే నవ్వాం. చిన్నోడు చాప మీద పడి దొర్లాడు. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

2011 క్రిస్మస్‌కి అందరం ఊరెళ్లాం. అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. నాయనకి మతిమరుపు ముదిరింది. నన్ను చూసి "ఎవరి తాలూకు నాయనా?" అన్నాడు. అరిసె చేతిలో పెడితే, తినాల్సిందని కూడా గుర్తులేక అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పటికి నర్సింగ్ చదువుతున్న అమ్మాయి పక్కన కూర్చుని ముక్కలు తుంచి పెట్టింది, మూతి తుడిచింది. రాత్రి దీపాలు పెట్టాక చిన్నోడు ఊరికే, "తాతయ్యా, ప్రార్థన చెయ్యండి" అన్నాడు.

నాయన కళ్లు మూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఇక చూడండి, ఒక్క పేరు తప్పిపోలేదు. దేశాలు, ప్రధానమంత్రి, కలెక్టరు, సంఘంలో ఇళ్లన్నీ పాత వరుసలోనే. చచ్చిపోయినవాళ్లకి ఆరోగ్యం అడిగాడు. బావిలో నీళ్లు అడిగాడు. అమ్ముడుపోయి ముప్పై ఏళ్లు దాటిన గేదె సుఖంగా ఈనాలన్నాడు. నల్ల కోడిపెట్ట విషయంలో ఇంటావిడ మనసు నెమ్మదించాలన్నాడు. తర్వాత నేను అనుకున్నట్టే, "హాస్టల్లో ఉన్న పిల్లోడికి లెక్కలు రావడం లేదు తండ్రీ..."

నాకప్పుడు నలభై ఎనిమిదేళ్లు. పోస్టాఫీసులో రోజూ లక్షల లెక్క చూసేవాణ్ణి. తల వంచుకుని అట్టాగే కూర్చున్నా. అమ్మాయి ఒక కన్ను తెరిచి నా వైపు వంగి, "ఎన్నొచ్చాయి నాన్నా?" అంది గుసగుసగా.

"ప్రార్థనలో మాట్లాడకూడదు" అన్నాడు నాయన, కళ్లు తెరవకుండానే. "పదిహేడు."